జన్మంతా పథ్యం

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,



మంత్రి గారూ, నేను మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పుకునే టీచర్ని. మా ఆయన పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. నాకు గోధుమ పడదు. తింటే కడుపు కాస్త ఉబ్బరించి సర్దుకునే రకం కాదు ఇది. గోధుమలో, బార్లీలో, రై అనే చలిదేశపు ధాన్యంలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది పేగుల్లోకి పోతే నా ఒంటి రక్షణ వ్యవస్థే నా చిన్నపేగు మీద తిరగబడుతుంది. ఈ జబ్బు పేరు సీలియాక్. దీనికి మాత్ర లేదు, ఆపరేషన్ లేదు. బతికినన్నాళ్లూ ఆ మూడు ధాన్యాలూ నోట్లోకి పోకుండా చూసుకోవడమే వైద్యం.

జబ్బు ఏమిటో తెలిసి నాకు ఎనిమిదేళ్లయింది. తెలియడానికి అంతకుముందు తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లు ఇంకొకరికి రాకూడదని మీకు రాస్తున్నాను.

2008లో రెండో కాన్పు అయ్యాక నా ఒంట్లో రక్తం నిలవడం మానేసింది. హిమోగ్లోబిన్ 6.8. ఐరన్ మాత్రలు డబ్బాలకు డబ్బాలు మింగాను. ఒంటికి పట్టలేదు. నోటినిండా పుండ్లు, దువ్వెన నిండా జుట్టు, నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, రోజుకు నాలుగైదుసార్లు విరేచనాలు. బరువు 38 కిలోలకు పడిపోయింది. ఒక డాక్టరు గారు గ్యాస్ అన్నారు. ఇంకొకరు పేగుల టీబీ కావచ్చని ఆరు నెలలు మందులు వాడించారు. మరొకరు ఎంతో అభిమానంగా, "అన్నంలో బలం ఉండదమ్మా, రాత్రిపూట రెండు చపాతీలు తిను" అన్నారు. తిన్నాను. నన్ను చూడ్డానికి వచ్చిన చుట్టాలు బ్రెడ్డు ప్యాకెట్లు, బిస్కట్లు, మాల్టు పొడి సీసాలు తెచ్చారు. వాళ్ల ప్రేమకు వంక పెట్టలేను. కానీ ఆ సంచుల్లో వచ్చిందంతా గోధుమా బార్లీయే. తినేకొద్దీ నీరసం, నీరసపడేకొద్దీ ఇంకా తినమనడం. మా అత్తయ్య దిష్టి తీసింది, చెన్నకేశవస్వామికి మొక్కుకుంది, దోర్నాల దగ్గర ఎవరో ఆకుపసరు ఇస్తారంటే అక్కడికీ తీసుకుపోయింది.

మా మార్కాపురం ప్రాంతంలో ఈ జబ్బు దాక్కోవడానికి రెండు మంచి చాట్లు ఉన్నాయి. ఎముకలు నొప్పి అంటే అందరి చూపూ బోరునీళ్ల మీదికి పోతుంది. అది న్యాయమే. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాళ్లం. ఆడమనిషికి రక్తం తక్కువంటే, "ఎవరికి లేదు గనక" అంటారు. అదీ నిజమే. అయితే సీలియాక్ కూడా సరిగ్గా ఈ రెండే చేస్తుంది. పేగు గోడ దెబ్బతింటే ఇనుము ఒంటికి పట్టదు, కాల్షియం పట్టదు. రక్తం తగ్గుతుంది, ఎముక గుల్లబారుతుంది. ఊరందరికీ ఉన్న బాధే నాదీ అనుకున్నారు గనక నా బాధను విడిగా చూసినవాళ్లు లేకపోయారు.

2017లో హైదరాబాదులో మా తమ్ముడి ఇంటికి పోయినప్పుడు అక్కడ ఒక కుర్ర డాక్టరు నా కాగితాల కట్ట మొత్తం తిరగేసి, "రోజూ చపాతీ తింటారా?" అని అడిగాడు. తొమ్మిదేళ్లలో నేనేం తింటున్నానని అడిగిన మొదటి మనిషి అతనే. యాంటీ టీటీజీ అనే రక్త పరీక్ష రాశాడు. తర్వాత గొట్టం వేసి చిన్నపేగులోంచి చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చాక కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పేగు లోపలి గోడ మఖమలు గుడ్డలా నూగునూగుగా ఉంటుందట. తిన్నదాంట్లో సారమంతా ఆ నూగే పీల్చుకుంటుందట. "మీ పేగు పలకలా నున్నగా అయిపోయిందమ్మా" అన్నాడు. నాది పలకల ఊరని అతనికి తెలుసో లేదో.

గోధుమ మానేసిన మూడో వారానికి విరేచనాలు కట్టాయి. ఏడాది తిరిగేసరికి హిమోగ్లోబిన్ 11. ఒక్క బాటిల్ రక్తం ఎక్కించుకోకుండా, అవే ఐరన్ మాత్రలతో.

మంత్రి గారూ, ఈ జబ్బు ఉత్తరాది వాళ్లదని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. డాక్టర్లలోనూ ఉంది. దానికి ఆధారం లేకపోలేదు. ఢిల్లీ ఎయిమ్స్, వెల్లూరు వైద్యులు కలిసి దేశంలో మూడు చోట్ల 23,331 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తరాదిన వెయ్యికి ఎనిమిదిన్నర మందికి ఈ జబ్బు ఉంది. ఈశాన్యంలో వెయ్యికి నలుగురైదుగురికి. దక్షిణాదిన పదివేలకు ఒక్కరికి. ఇంతవరకు చదివినవాళ్లు మనకు భయం లేదని పుస్తకం మూసేస్తారు. ఆ పరిశోధనలోనే ఇంకో రెండు లెక్కలు ఉన్నాయి. ఈ జబ్బు రావడానికి ఒంట్లో ఉండాల్సిన జన్యువులు ఉత్తరాదిన 38.1 శాతం మందిలో ఉంటే, దక్షిణాదిన 36.4 శాతం మందిలో ఉన్నాయి. పెద్ద తేడా లేదు. పెద్ద తేడా ఉన్నది తిండిలో. ఉత్తరాది మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే దక్షిణాది మనిషి తింటున్నది 25 గ్రాములు. ఈశాన్యంలో తినేది 37 గ్రాములే. అయినా అక్కడ మనకన్నా ఎన్నో రెట్లు ఎక్కువమందికి జబ్బు కనబడింది. అంటే గోధుమ ఎంత తింటున్నామన్నదొక్కటే కారణం కాదన్నమాట. జన్యువు ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు కూడా. కొందరికే వస్తుంది. ఆ కొందరెవరో పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

ఇక ఆ 25 గ్రాముల సంగతి. రెండు చపాతీలకు యాభై, అరవై గ్రాముల పిండి పడుతుంది. మా వీధిలో షుగరు ఉన్న ప్రతి ఇంట్లో రాత్రికి చపాతీయే. మా బడిలో మధ్యాహ్నం పిల్లల క్యారియర్లు తెరిస్తే నూడుల్స్, బ్రెడ్డు జామ్, చపాతీ చుట్ట, పక్కన బిస్కట్ ప్యాకెట్. నా చిన్నప్పుడు గిద్దలూరులో మా అమ్మమ్మ ఇంట్లో గోధుమపిండి పండక్కో, చుట్టం వస్తేనో కనబడేది. రోజూ తిన్నది కొర్రన్నం, జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగి సంగటి, పొద్దున్నే ఉగ్గాని. వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. వాననీటి మీద బతికే మా చేలల్లో పండే ప్రతి గింజా నాకు పడుతుంది. మా అమ్మమ్మకూ ఈ జబ్బు గుణం ఉందేమో, ఆ తిండి వల్ల బయటపడకుండానే వెళ్లిపోయిందేమో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

గ్లూటెన్ అంటే ఏమిటని మా అత్తయ్య మొదట్లో అడిగింది. నాకు పుస్తకం మాటలు తప్ప రాలేదు. చివరికి ఆమే కనిపెట్టింది. చపాతీ ముద్ద సాగదీస్తే సాగుతుంది, జొన్నముద్ద సాగదీస్తే తెగుతుంది. అందుకే జొన్నపిండిలో సలసల కాగే నీళ్లు పోసి కలిపి, తడిచేత్తో తట్టి తట్టి రొట్టె చేయాలి. "ఆ సాగే జిగురేనా నీకు పడంది?" అంది. అదే. చపాతీ ముద్దను నీళ్లలో పిసుకుతూ కడిగితే తెల్లటి పాలన్నీ పోయి రబ్బరులాంటి ముద్ద చేతిలో మిగులుతుంది. ఆ ముద్దే చాలావరకు గ్లూటెన్. డాక్టర్లు ఊళ్లలో ఈ జబ్బు గురించి చెప్పాల్సి వస్తే మా అత్తయ్య మాట వాడుకోవచ్చు.

బయటివాళ్లకు చెప్పడం వేరే కష్టం. "గ్లూటెన్" అంటే అర్థం కాదు. "ఎలర్జీ" అంటే, "ఒక్క ముక్క తింటే ఏమైద్దిలే" అంటారు. "డైటింగ్" అనుకుంటే నవ్వుతారు. మన భాషలో దీనికి చక్కటి మాట ఉందని నాకు కొన్నాళ్లకు గుర్తొచ్చింది. "పథ్యంలో ఉన్నానమ్మా, గోధుమ తినకూడదు" అంటే చాలు, ఇంకెవరూ బలవంతం చేయరు. బాలింత పథ్యం, కామెర్ల పథ్యం చూసి పెరిగిన జాతి మనది. పథ్యంలో ఉన్న మనిషి విస్తట్లో పడనిది వేయకూడదని ముసలమ్మలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక్కటే చిక్కు. పథ్యం అంటే నలభై రోజులకో, మూడు నెలలకో అయిపోతుందని లెక్క. "ఇంకా ఎన్నాళ్లమ్మా?" అని అడుగుతారు. "జన్మంతా" అంటే నా ముఖం వైపు జాలిగా చూస్తారు.

ఒక్క ముక్కకు ఏమవుతుందో కూడా చెప్పాలి. సీలియాక్ ఉన్నవాళ్లకు రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు ఇచ్చి చూస్తే పేగు గోడ దెబ్బతిన్నదని 2007లో ఇటలీ పరిశోధకులు తేల్చారు. ఒక చపాతీని అరవై ముక్కలు చేసి అందులో ఒక్కటి తీస్తే ఉండేది సుమారు అంతే. చాలామందికి అంత చిన్న మోతాదు లోపలికి పోయినా ఆ రోజు ఏ బాధా తెలియదు. కడుపు నొప్పి రాలేదు గనక పర్వాలేదనుకుంటాం. పేగు మాత్రం లోపల చెడుతూనే ఉంటుంది.

అందుకే నా బతుకులో సగం జాగ్రత్త పిండిమర చుట్టూ తిరిగింది. కొర్రలు, జొన్నలు మా దగ్గర దొరకనివి కావు. వాటిని పిండి చేసుకోవడమే చిక్కు. ఊళ్లో అన్ని పిండిమరల్లోనూ ఎక్కువగా ఆడేది గోధుమలే. ముందువాళ్ల గోధుమపిండి రాళ్ల సందుల్లో, గొట్టంలో, కింద కట్టిన గుడ్డసంచిలో ఉండిపోయి నా జొన్నపిండిలో కలుస్తుంది. మా వీధి మరాయన మంచివాడు. పొద్దున ఆరింటికి ఆయన మర తెరిచేసరికి నేను గడపలో ఉండేదాన్ని. నాతోపాటు రెండు కిలోల బియ్యపు నూకలు తీసుకెళ్లి ముందు అవి ఆడించేదాన్ని, మర లోపల కడిగినట్టు అవుతుందని. ఆ నూకపిండి ఆయన గేదెకు. గుడ్డసంచి విప్పించి నేను తెచ్చుకున్న సంచి కట్టించేదాన్ని. "ఇంత చేసినా నాకు నమ్మకం లేదు మేడం, మర అన్నాక దుమ్ము పోదు" అని ఆయనే నిజం చెప్పాడు. మళ్లీ అదే రక్త పరీక్ష చేయిస్తే అందులో కనబడే యాంటీబాడీలు తగ్గాల్సినంత తగ్గలేదు. ఆయన చెప్పిందే నిజమైంది.

అప్పుడు మా అత్తయ్య, "నా తిరగలి ఏమైపోయింది?" అంది. తర్లుపాడులో వాళ్ల పాత ఇంటి పెరట్లో వేపచెట్టు కింద ఇరవై ఏళ్లుగా పడి ఉంది. మా మరిది ట్రాక్టరులో తెచ్చాడు. అరిగి నున్నబడిన రాళ్లకు ఉలితో గంట్లు కొట్టించింది. కొత్త పిడి పెట్టించింది. డెబ్బై ఏళ్ల మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని జొన్నలు గుప్పెడు గుప్పెడు పోస్తూ విసరడం మొదలుపెడితే నేను ఎదురుగా కూర్చుని పిడి పట్టుకునేదాన్ని. గంటకు కిలో పిండి కూడా రాదు. భుజాలు పడిపోతాయి. కానీ ఆ పిండిలో గోధుమ రవ్వంత ఉండదని నాకు తెలుసు. ఎనిమిదేళ్లలో నేను అనుమానం లేకుండా తిన్న రొట్టె అదే. ఆ తర్వాత చేసిన పరీక్షలో అంకె మామూలుకు వచ్చింది. ఇప్పుడు అత్తయ్య విసరలేదు. బియ్యం, పప్పులే ఆడే చిన్న ఇంటి మర ఒకటి చీటీ పాడి కొనుక్కున్నాం. తిరగలి మాత్రం వంటింట్లోనే ఉంది.

వంటింట్లో నాకు వేరే పెనం, వేరే జల్లెడ, వేరే చెక్క గరిటె. గోడకు ఒక మార్కాపురం పలక వేలాడదీశాను. కొత్త సరుకు ఏదైనా ఇంట్లోకి వస్తే దాని మీద సుద్దముక్కతో పేరు రాస్తాను. అట్ట చదివి, దుకాణంలో అడిగి, గోధుమ లేదని తేలాకే తుడిచేస్తాను. ఆ పలక మీద చాన్నాళ్లు నిలిచిపోయిన పేరు ఇంగువ. మనం వాడే ఇంగువలో అసలు ఇంగువ కొంచెమే. ఘాటు తగ్గించడానికి పిండి, జిగురు కలుపుతారు. ఆ పిండి చాలావాటిలో గోధుమదే. పప్పులో, చారులో, పులిహోరలో, ఆవకాయలో గోధుమ ఉందని ఎవరనుకుంటారు? బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతికి పట్టుకునేదాకా మా ఇంట్లో పోపుకు వెల్లుల్లే.

బంతి భోజనాల సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. కంభంలో మా ఆడపడుచు కూతురి పెళ్లిలో గారె వడ్డించారు. "మినప్పిండే గదా బాబూ?" అని వంటాయన్ను అడిగాను. "మినప్పిండేనమ్మా, ఒట్టు" అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అదే నూనెలో అంతకుముందు పూరీలు వేయించారు. నాలుగు రోజులు మంచం మీద ఉన్నాను. ఆ తర్వాత ఎక్కడికి పోయినా క్యారియర్ తీసుకుపోతున్నాను. పెళ్లివారింట్లో సొంత క్యారియర్ విప్పడం మన మర్యాదల్లో లేదు. పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, నేనూ నొచ్చుకుంటాను. అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు గనక కళ్లకద్దుకుని పక్కవాళ్ల చేతిలో పెడతాను. రంజాన్ నెలలో మా పక్కింటి వాళ్లు పంపే హలీంలోనూ గోధుమే. చర్చిలో ప్రభుబల్ల దగ్గర ఇచ్చే రొట్టెముక్కా మామూలుగా గోధుమదే. ఏ మతం వాళ్లయినా మనల్ని తమలో కలుపుకునేది ఒక ముద్ద చేతిలో పెట్టే గదా. ఆ ముద్ద కాదనాల్సి రావడమే ఈ జబ్బులో అన్నిటికన్నా పెద్ద శిక్ష.

బజారు విషయంలో మీ శాఖ చేయగలిగింది చాలా ఉంది. ఆహార భద్రతా అధికారులు మీ కిందే పనిచేస్తారు. కిలోకు 20 మిల్లీగ్రాములు మించి గ్లూటెన్ లేకపోతేనే "గ్లూటెన్ ఫ్రీ" అని రాయాలని కేంద్ర నిబంధన ఉంది. గోధుమ ఉంటే ఆ మాట అట్ట మీద వేయాలని కూడా ఉంది. పెద్ద కంపెనీల ప్యాకెట్ల మీద అది కనబడుతుంది. మా దగ్గర అమ్మే విడి ఇంగువకు, బజ్జీపిండికి, స్థానికంగా కట్టే చిరుధాన్యాల పిండి ప్యాకెట్లకు అట్ట మీద రాతే సరిగా ఉండదు. "రాగి బిస్కట్" అని పెద్దక్షరాల్లో వేసి వెనకాల సన్నటి అక్షరాల్లో మొదటి దినుసుగా మైదా రాసిన ప్యాకెట్లు నేను ఎన్నో చూశాను. కళ్లద్దాలు లేని అమ్మ అది చదవగలదా? చదవాల్సింది ఇంగ్లీషులో అయితే మరీ కష్టం. గోధుమ ఉందన్న ఆ ఒక్క మాటైనా తెలుగులో, పెద్దక్షరాల్లో వేయించండి.

అంగన్‌వాడీలు మీ పక్క శాఖవని తెలుసు. అయినా పిల్లల ఆరోగ్యం మీది గనక మీకే చెబుతున్నాను. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఇంటికి ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. కూలికి పోయే తల్లుల పిల్లలకు అది ఎంత ఆసరాయో మా వీధి అంగన్‌వాడీ టీచరు దగ్గర కూర్చుని చూశాను. దాన్ని ఒక్క మాట అనను. కానీ సీలియాక్ గుణం ఉన్న బిడ్డకు అది పడదు. బిడ్డ చిక్కిపోతే తూకం వేసి, బరువు తక్కువుందని అదే పొడి ఇంకాస్త ఎక్కువ పెట్టమంటారు. నాకు చపాతీలు పెట్టమన్నట్టే. జబ్బు నిర్ధారణ అయిన పిల్లలకు రాగి, బియ్యం, పెసర కలిపి వేరే పొడి ఇప్పించడం పెద్ద ఖర్చు కాదు. ఇక్కడ పండేవే అవి. ప్రభుత్వ బడుల్లో 2023లో మొదలైన రాగిజావ వల్ల ఏ బిడ్డకూ ఈ ఇబ్బంది లేదు. ఆ దారిలో ఇంకో అడుగు వేయమంటున్నాను.

నేను అన్నిటికన్నా ముందు అడిగేది రక్త పరీక్ష. యాంటీ టీటీజీ పరీక్ష, దానితో కలిపి చేయాల్సిన ఐజీఏ పరీక్ష మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చేయించండి. పేగుముక్క పరీక్షకు ఒంగోలో, గుంటూరో, కర్నూలో పోవాల్సి వస్తే పోతాం. మొదటి పరీక్ష మాత్రం ఇక్కడ ఉండాలి. ఎవరికి చేయాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు రాతపూర్వకంగా చెప్పండి. ఐరన్ మాత్రలు సరిగ్గా మింగినా రక్తం పెరగనివాళ్లు, ఎదగని పిల్లలు, విరేచనాలు ఎన్నాళ్లకూ కట్టనివాళ్లు, చిన్న వయసులోనే ఇన్సులిన్ మీద పడ్డ పిల్లలు, సీలియాక్ తేలినవాళ్ల తోబుట్టువులు, బిడ్డలు. నా చిన్న కొడుక్కి ఏ లక్షణమూ లేదు. నాకు తేలింది గనక వాడికీ చేయిస్తే వాడికీ ఉందని బయటపడింది. వాడు నా తొమ్మిదేళ్లు పడకుండా తప్పించుకున్నాడు. ఇటలీ దేశం పిల్లలందరికీ ఈ పరీక్ష చేయాలని 2023లో చట్టమే చేసింది. నేను అంత అడగడం లేదు. అనుమానం ఉన్నవాళ్లకు చేస్తే చాలు.

ఇది చదివేవాళ్లకూ ఒక మాట. అనుమానం రాగానే గోధుమ మానేసి కూర్చోకండి. మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోయి పరీక్షలో జబ్బు కనబడదు. ముందు పరీక్ష, ఆ తర్వాతే పథ్యం. జబ్బు లేనివాళ్లు ఎవరో చెప్పారని గోధుమ మానాల్సిన పనీ లేదు.

గోధుమ రొట్టెకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం పట్టుకున్నది డికే అనే నెదర్లాండ్స్ పిల్లల డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధం చివర 1944-45 చలికాలంలో అక్కడ కరువొచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో మాడుతుంటే ఆయన దగ్గరున్న ఈ జబ్బు పిల్లలు కోలుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే మళ్లీ మంచం పట్టారు. గోధుమకూ జబ్బుకూ ఉన్న ఈ సంబంధాన్ని ఆయన 1950లో సిద్ధాంత గ్రంథంగా రాశాడు. కరువు అంటే ఏమిటో మా ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం మా తరం మొత్తం ఎదురుచూసింది. కొర్రా సజ్జా తిని కరువులు దాటిన నేలలో ఇవాళ గోధుమ తిని చిక్కిపోతున్న బిడ్డ ఉంటే, ఆ బిడ్డ ముందు కూర్చుని ఏం తింటున్నావమ్మా అని అడిగే డాక్టరు మాకు కావాలి.

మా బడిలో నాలుగో తరగతి పాప ఒకతె ఉంది. ఎత్తు ఒకటో తరగతి పిల్లంత. కళ్లకింద తెల్లగా పాలిపోయి ఉంటుంది. మూడేళ్లుగా ఐరన్ మందు తాగుతోంది. పొట్ట ఉబ్బి, చేతులు పుల్లల్లా ఉంటాయి. వాళ్ల నాన్న హైదరాబాదులో బిల్డింగుల పనికి పోయాడు. అమ్మ మిరపచేల కూలి. మొన్న సోమవారం ప్రైవేటు ల్యాబులో పాప రక్తం తీయించాం. పన్నెండు వందలు. ఆ తల్లికి నాలుగు రోజుల కూలి అది. నేనిస్తానంటే ఒప్పుకోలేదు. రక్తాన్ని హైదరాబాదు పంపించారు, ఫలితం రావడానికి వారం పడుతుందన్నారు. "అప్పటిదాకా చపాతీ మాన్పించమంటారా టీచరమ్మా?" అని ఆ తల్లి అడిగింది. వద్దని నేనే చెప్పాను. పేగుముక్క పరీక్ష అయ్యేదాకా గోధుమ తినాలి గదా. ఇంటికొచ్చి ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను.

మంత్రి గారూ, ఈ పరీక్ష మార్కాపురం ప్రభుత్వాసుపత్రిలో ఎప్పటి నుంచి చేస్తారో ఒక తేదీ చెప్పండి.

ఇట్లు,
మార్కాపురం నుంచి ఒక టీచరు